మళ్లీ చేరిన పద్యాలు

తంజావూరు ప్రతాపసింహ మహారాజు కొలువులో ముద్దుపళని తెలుగులో ‘రాధికాసాంత్వనం’ రచించింది. తొలుత అచ్చువేసినవారు కొన్ని పద్యాలు తీసివేశారు. వీరేశలింగం పంతులుగారు ఆ శృంగారాన్ని గర్హించారు. మైసూరు సీమలో పుట్టి, మదరాసులో స్థిరపడిన బెంగళూరు నాగరత్నమ్మగారు, స్నేహితులొకరు పంపిన వ్రాతప్రతితో సరిచూచి, 1910లో పూర్తి గ్రంథం ప్రకటించారు. మగకవులకు చెల్లినది ఆడవారికి చెల్లదా అని పీఠికలో నిలదీశారు. మాకూ ఆ ప్రశ్నే సబబుగా తోస్తుంది.

దొరతనంవారు పుస్తకాన్ని నిషేధించారు. 1947లోగాని ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్లవారు పునర్ముద్రించారు. ఆ ఏడే ఆమె కన్నుమూశారు.

ఎవరో దాచిన ప్రతి ఉండబట్టే ఇంత జరిగింది. మన ఇళ్ల అటకలమీది తాటాకు కట్టలను చెదలకు వదలక, మాకొక కార్డుముక్క వ్రాయండి.