చేపగ్రుడ్డునకు ఛాయాచిత్రము



గత మాసమున గాజుతొట్టిలో చేపలను పెంచు విధమును గూర్చి వ్రాసిన పిదప, కొందరు సోదరీమణులు "చేపలు గ్రుడ్లు పెట్టినది మన కెట్లు తెలియును? వానిని ఫొటో తీయ వలనుపడునా?" యని యడిగిరి. వలనుపడును. మా జగిత్యాల యింట నేను తీసితిని. అంతకు ముందు చెడగొట్టితిని కూడ. ఆ సంగతియు దాచక చెప్పెదను.

మా తొట్టిలో నున్నవి జీబ్రాచేపలు. అంగుళమున్నర పొడవు, ప్రక్కలను తలనుండి తోకవరకు పొడవున సాగిన నీలిచారలు. అంగళ్లలో చౌకగా దొరకును గనుక వీని నెవరును లక్ష్యపెట్టరు. కాని యివి మన దేశపు చేపలు. గంగానదిలోని చేపలను గూర్చి ఫ్రాన్సిస్ హామిల్టన్ అను వైద్యుడు 1822లో ప్రకటించిన గ్రంథమున వీనిని మొదట వర్ణించెను. అమెరికాలో జార్జి స్ట్రైసింగర్ అను శాస్త్రజ్ఞుడు వీనిపై చేసిన కృషి 1981లో వెలువడిన తరువాత, లోకమునందలి పరిశోధనశాలలనేకము వీనిని పెంపసాగినవి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. యందును పెంచుచున్నారు. ఇంత యాదరమునకు ముఖ్యకారణము గ్రుడ్డే. అది తల్లి కడుపున గాక బయట నీటిలో పెరుగును. పైపొర గాజువలె స్వచ్ఛముగా నుండుటచే లోన జరుగునదంతయు కంటికి గోచరించును.

ఈ చేప తెల్లవారి వెలుగు పడగానే గ్రుడ్లు పెట్టును. అవి జిగురులేనివగుటచే అడుగునకు దిగిపోవును. పెట్టిన చేపయే వెనుదిరిగి తినివేయును! కావున ముందటి రాత్రియే తొట్టి యడుగున పిల్లలాడుకొను గోలీలను పరచవలెను. గ్రుడ్లు సందులలోనికి జారి దక్కును. చిన్న ఆవగింజంత ఉండును. సన్నని గొట్టముతో పైకి పీల్చి, వెడల్పు గిన్నెలో తొట్టినీరే పోసి అందు విడువవలెను.

ఇక నా తప్పు. తొలిసారి వైశాఖమాసపు మధ్యాహ్నమున ఒక అద్దపు పలకపై నీటిబొట్టు వేసి, అందు ముప్పది గ్రుడ్ల నుంచి, మావారి భూతద్దమును ఫోనున కడ్డము పట్టి, వెలుగు చాలదని పాతకాలపు తీగబల్బు దీపమును దగ్గరగా జరిపితిని. జగిత్యాల వేసవి మీ రెరుగుదురు. దానికి దీపపు సెగ తోడైనది. నేను చిత్రము బాగుగా వచ్చుటను చూచుచుంటినే గాని నీటిబొట్టును ముట్టి చూడనైతిని. కొంతసేపటికి గ్రుడ్లన్నియు ఉడికిన సగ్గుబియ్యమువలె తెల్లబడినవి. ఆనాటి ఫొటోలు చక్కగా వచ్చినవి. వానిని నే నెవరికిని చూపలేదు.

కోరుట్ల పశువైద్య కళాశాలలో చదువుచున్న మా మేనకోడలు విని, "అత్తా, వాటికి ఇరవై ఎనిమిది డిగ్రీల వేడి చాలు. ఎల్.ఇ.డి. దీపం పెట్టు, అది కూడా ఫొటో తీసేటప్పుడే" అని మందలించినది. వేసవి వెళ్లువరకు మరల ఆ పనికి పోలేదు.

ఆశ్వయుజమున బతుకమ్మ పండుగకు సిరిసిల్లనుండి మా చెల్లెలు వచ్చినది. తల్లిదండ్రులు లేరు గనుక మా యిల్లే దానికి పుట్టిల్లు. దాని యత్తవారిది మరమగ్గముల యిల్లు. బట్టలో అంగుళమునకు పోగు లెన్నియో లెక్కించుటకు వారియొద్ద మడతపెట్టు చిన్న భూతద్దము కలదు. అది తనంత నిలుచును. అద్దమునకును వస్తువునకును నడుమ దూరము ఎప్పుడును మారదు. మన పని కింతకన్న తగిన పరికర మెక్కడిది? అద్దపు పలకను రెండు పుస్తకములపై వంతెనగా నుంచి, క్రింద తెల్లకాగితము పరచి, దీపపు వెలుగును ఆ కాగితముపై పడనిచ్చి, గ్రుడ్డుపై భూతద్దమును నిలిపి, ఫోను కంటిని దానికానించితిమి. వ్రేలు తగిలిన బొమ్మ చెదరును. కావున కొన్ని క్షణములు ఆగి తనంత తీయు ఏర్పాటును ఫోనులో చేసికొనవలెను. తీసినవెంటనే గ్రుడ్డును గిన్నెలోనికి చేర్చవలెను.

ముప్పావుగంటకు ఒక్క కణము రెండైనది. అటుపిమ్మట పావుగంట కొకసారి నాలుగు, ఎనిమిది, పదునారు. నేను పప్పునకు పోపు పెట్టి వచ్చునప్పటికి ఒక విభాగము జరిగియే పోయినది! భాగవత తృతీయస్కంధమున కపిలుడు తల్లియైన దేవహూతికి పిండోత్పత్తిని చెప్పుచు, ఒక్క రాత్రికి కలలము, అయిదు రాత్రులకు బుడగ, పదవనాటికి రేగుపండంత యని దినములు లెక్కించును. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదువునప్పుడు ఆ ఘట్టమును త్వరగా దాటించిరి. చేపకు ఆ లెక్క చెల్లదు, ఒక్క పగలు రాత్రిలో తోకయు ఆడుచుండును. రెండవనాడు నల్లని కన్నులు తేరినవి. కవులు కన్నులను బేడిసలతో పోల్చిరి గాని, ఈ పిల్లను చూచిన, చేపయంతయు కన్నేయని తోచును.

సాయంకాలమునకు అరువదింటిలో పదకొండు గ్రుడ్లు తెల్లబడినవి. కొన్ని బీజము తగులనివి. కొన్ని తగిలియు పెరుగనివి. వానిని తీసివేయకున్న బూజు పట్టి తక్కినవానికిని ప్రాకును. ఆ పనిని చెల్లెలి కప్పగించితిని. అది ఒక్కొక్కటి తీయుచు తీయుచు ఆగి, "అక్కా, తల్లి ఒక్కటే, నీళ్లు ఒక్కటే. ఇవి బిందె ఏం ఎత్తినయని పోయినయి?" అన్నది.

నిరుడు దానికి మూడవ మాసమున గర్భము నిలువలేదు. బిందె యెత్తినదని యొకరు, గ్రహణమునాడు గడప దాటినదని యొకరు అనిరి. అదియు నమ్మినది. తొలి మూడు మాసములలో జారు గర్భములలో ఇంచుమించు సగము పిండమునందలి క్రోమోజోముల లెక్క తప్పుటచేతనే జారుననియు, అందు తల్లి దోష మేమియు లేదనియు వైద్యురా లానాడే చెప్పినది. చెవికి సోకినదే గాని మనసున కెక్కలేదు. చేప వేరు, మనిషి వేరు. చేపగ్రుడ్డును సాక్ష్యముగా చూపి నేనేమియు వాదింపలేదు. అదియే రాత్రి పండుకొనునప్పుడు, "డాక్టరమ్మ చెప్పింది మళ్లొకసారి చెప్పు" మనగా చెప్పితిని.

మరునాటి ప్రొద్దున గుండె కనబడినది. నిశ్చలచిత్రమున నది తెలియదు, ఫోనులో కదలుచిత్రముగా తీయవలెను. "కొట్టుకుంటుందక్కా!" యని అది భూతద్దమునుండి తల యెత్తలేదు, బతుకమ్మను పేర్చుటకు తెచ్చిన తంగేడుపూవు మధ్యాహ్నము వరకు గంపలోనే వాడినది.

మూడవనాటికి పిల్లలు పొర చీల్చుకొని వెలువడినవి. వెంటనే మేత వేయకుడు. అయిదవనాటికి ఈదసాగును, అప్పుడు ఉడికించిన కోడిగ్రుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి, సూదిమొనంత మాత్రము వేసి, మిగిలినదానిని సాయంకాలమునకు తీసివేయవలెను. చెల్లెలు పండుగ ముగిసి పోవునప్పుడు, చేపలు కాస్త ఎదిగినతరువాత నాలుగింటిని సిరిసిల్లకు పంపుమని చెప్పి, భూతద్దమును నాయొద్దనే విడిచిపోయినది.