ఫోనులో ఆట – పొలం మీద అప్పు



ఒక పల్లె సంఘమునుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. డిగ్రీ ముగించిన పెద్ద కుమారుడు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేరుతానంటున్నాడు. ఫీజుకు, హాస్టలుకు పొలం తాకట్టు పెట్టాలి. రెండవ తరగతి చిన్నవాడేమో ఫోనులో ఆటలాడుతూ, "ఇది కూడా కోడింగేనమ్మా" అంటున్నాడట. ఇందులో నిజమెంత అని ఆమె అడిగారు.

చిన్నవాడు అబద్ధమాడి ఉండకపోవచ్చు. స్క్రాచ్ జూనియర్ అనే ఆప్ ఉన్నది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం, ఎం.ఐ.టి. వారు కలిసి 5 నుండి 7 ఏండ్ల పిల్లల కొరకు దీనిని చేయగా, 2014లో వెలువడింది. ఉచితమే. చదవడం రాని బిడ్డ కూడా బొమ్మల ముక్కలు వరుసగా చేర్చి పిల్లిని నడిపించవచ్చును.

సోమాజిగూడలో మా ఇంట సండే స్కూలు పిల్లలచేత దీనిని ఆడించి చూశాము. ఒక పాప పిల్లిని చెట్టు దగ్గర ఆపబోయి 3 అడుగులకు బదులు 8 వేసింది. పిల్లి చెట్టు దాటిపోయింది! ఎవరూ కసరలేదు, తానే లెక్క సరిచేసుకొన్నది. యెరికో చుట్టూ ఆరు దినములు ఒక్కొక్కసారి, ఏడవ దినమున ఏడు మార్లు తిరిగారు గదా. పదమూడు సార్లు "తిరుగుడి" అని చెప్పనక్కరలేదు, "ఇన్ని మార్లు మరల చేయుము" అనే ముక్క చాలునని చెప్పగానే పిల్లలు పట్టేశారు. కోడింగులో మొదటి పాఠం ఇదే.

అయితే తొందరేమీ లేదు. 2020 జాతీయ విద్యా విధానము కూడా కోడింగును 6 నుండి 8 తరగతుల దశలోనే చెప్పింది. ఆ లాక్‌డౌన్ ఏట పసివారి తల్లిదండ్రులను భయపెట్టిన ప్రకటనలు చూసి మాకు కోపమే వచ్చింది. అరగంట ఆట, అదీ పెద్దవారు ప్రక్కన కూర్చుండగా, చాలును.

పెద్దవాని సంగతి వేరు. ఆటలో మెట్లన్నీ ఎక్కినంత మాత్రాన ఉద్యోగం రాదు. పెద్దల కొరకు గూగుల్‌వారు 2018లో తెచ్చిన గ్రాస్‌హాపర్ ఆప్ 2023లో మూతపడింది కూడా. కాని ఈ పని తనకు నచ్చుతుందో లేదో తెలిసికొనుటకు ఇటువంటివి పనికివస్తాయి. సోలోలెర్న్ వంటి ఆప్‌లో రెండు నెలలు పైథాన్ నేర్చుకోమనండి. కేంద్ర ప్రభుత్వపు స్వయం పాఠములు ఉచితంగా వినవచ్చును. చిన్న లెక్కల ప్రోగ్రాము ఒకటి, మీ పాల లెక్క అయినా సరే, ఎవరి సాయమూ లేకుండా వ్రాయగలిగితే అప్పుడు కోర్సు మాట.

మైత్రీవనం చుట్టూ బోర్డులకు కొదవ లేదు, డెమో తరగతులు చాలాచోట్ల ఉచితమే. ఫీజు కట్టకముందు రెండు మూడు చోట్ల కూర్చొని వినాలి. అబ్బాయిని సోమాజిగూడకు పంపండి, పంజాగుట్ట దాటితే అమీర్‌పేటే. మేము వెంట వెళ్తాము. అంతవరకు పొలం కాగితాలు పెట్టెలోనే ఉంచండి.