మైక్రోఫోను ప్రీఆంప్లిఫయరులో ఐ.సి. మార్పు : మా యభిప్రాయము

మన పాఠశాల వార్షికోత్సవమునాడు వెనుక బల్లలపై గూర్చున్నవారికి ఆరవ తరగతి పిల్లల పద్యములు సరిగా వినబడలేదని పలువురు తల్లిదండ్రులు మాతో చెప్పిరి. అది నిజమే. మీట త్రిప్పినకొలది పిల్లవాని గొంతుతోపాటు ‘సుయ్’ మను రొదయు పెరిగెను. మరునాడే పై తరగతి బాలురు చందా పోగుచేసికొని, ప్రీఆంప్లిఫయరులోని పాత టీఎల్ 072 అను ఐ.సి.ని తీసివేసి, మిక్కిలి పేరుగాంచిన ఎల్.ఎం. 4562ను పెట్టుదమని మాయొద్దకు వచ్చిరి. వారి యుత్సాహము మెచ్చదగినదే. ఐనను మేము వెంటనే సమ్మతింపలేదు.

ఏ ఐ.సి. మంచిదని యడుగుట చాలదు. దాని ముందర నేమి యున్నదో చూడవలెను. సామాన్యమైన డైనమిక్ మైక్రోఫోను నిరోధము సుమారు 200 ఓములు. ఏ నిరోధమైనను వేడిమిచేత తనంతట తానే కొంత రొద పుట్టించును. 1928లో జాన్సను దీనిని కొలిచి ప్రకటింపగా, ఆ యేటనే నైక్విస్టు దాని కారణమును వివరించెను. 200 ఓములకు ఈ రొద హెర్ట్జు వర్గమూలమునకు 1.8 నానోవోల్టులు. టీఎల్ 072 స్వంత రొద యదే మానమున 18, అనగా పదిరెట్లు! ఎన్.ఇ. 5532కు 5, ఎల్.ఎం. 4562కు 2.7 మాత్రమే. ఇంతవరకు బాలుర మాటయే గెలిచినది.

కాని పెట్టె విప్పి చూడగా మైక్రోఫోను తీగకును ఐ.సి.కిని నడుమ 1:10 ట్రాన్స్‌ఫార్మరు కనబడెను. అది వోల్టేజిని పదిరెట్లు పెంచును. నిరోధమును నూరురెట్లు పెంచును. కావున ఐ.సి.కి మైక్రోఫోను 20,000 ఓములుగా దోచును. దాని రొదయు 18 నానోవోల్టులగును. ఇపుడు టీఎల్ 072 అంత దోషి కాదు. పైగా ప్రతి ఐ.సి. ద్వారమునను విద్యుత్ప్రవాహపు రొద యొకటి కలదు. అది యెదుటి నిరోధముగుండ బోయి వోల్టేజియగును. టీఎల్ 072కు అది లెక్కింపదగినది కాదు, 5532కు 0.7 పికోఆంపియరులు, 4562కు 1.6. ఈ కడపటిదానిని 20,000 చే గుణింపగా 32 నానోవోల్టులు! రొదల వర్గములను కూడి వర్గమూలము దీసినచో టీఎల్ 072కు సుమారు 25, 5532కు 23, 4562కు 37 వచ్చును. గణితము నేర్చిన పిల్లలు సరిచూచుకొనవచ్చును. వెల హెచ్చైనదే ఇచ్చట రొద హెచ్చించును.

ట్రాన్స్‌ఫార్మరు లేని పెట్టెయైనచో మేము 5532నే కోరుదుము. 4562 దానికంటె మేలే గాని, సభామందిరమున జనుల కలకలమునడుమ ఆ భేదము చెవికి దెలియుట యరుదు. కాళ్ల యమరిక యొక్కటే గదాయని తొందరపడరాదు. 5532 సుమారు 8 మిల్లీఆంపియరులు గైకొనును. టీఎల్ 072కు మూడైన నక్కఱలేదు. బ్యాటరీతో నడచు పెట్టెకిది పెద్ద మాట. ఐ.సి. చెంతనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరు లేకున్నచో వేగము గల ఐ.సి. తనలో తానే డోలనము చేయును. ఐ.సి.ని నేరుగా అదుకక, సాకెట్టు నమర్చుట మేలు.

మఱి ఆనాటి రొదకు కారణమేమి? మైక్రోఫోను స్టాండు పెద్దల యెత్తునకు నిలుపబడియుండెను; పిల్లవాని నోటికి మూరెడు పైగా దూరము. దూరము సగమైన గొంతు వోల్టేజి రెట్టింపగును. రొద మాత్రము పెరుగదు. ఏ ఐ.సి. మార్చినను మాకింత లాభము దొరకదు. ఆనాడు స్టాండు నిలిపినవారము మేమే గనుక బాలురతో నీ మాట చెప్పుటకు కొంత సిగ్గుపడితిమి. చందా సొమ్ము వారియొద్దనే యున్నది. దానితో పొట్టి స్టాండొకటి కొనవలెనని మా కోరిక, వారింకను ఒప్పుకొనలేదు.