సేవకుడైన నాయకుడి గురించి కిందివాళ్లను అడగండి

నేరేడ్‌మెట్ యూనిఫాంలు ఎరిగిన ప్రాంతం. 2016లో సైబరాబాద్‌ను విడదీసి పెట్టిన రాచకొండ పోలీస్ కమిషనరేట్‌కు తర్వాత కేంద్రం ఇదే అయింది. చుట్టుపక్కల డిఫెన్స్ కాలనీ, సైనిక్‌పురి, వాయుపురి అని పేర్లలోనే సైన్యం కనిపించే కాలనీలు, ఆ పక్కన తిరుమలగిరి కంటోన్మెంటు, మధ్యలో గుళ్లు, చర్చిలు, మసీదులు. దేశసేవ, ప్రజాసేవ, దైవసేవ అనే మూడు మాటలూ ఇంత దగ్గర దగ్గరగా వినిపించే చోట్లు జంటనగరాల్లో అరుదు. నాయకుడంటే సేవకుడే అన్న సూత్రాన్ని పరీక్షకు పెట్టడానికి ఇంతకంటే తగిన చోటు ఉండదు. ఆ సూత్రం ఇప్పుడు చర్చి ప్రసంగం నుంచి కార్పొరేట్ శిక్షణ తరగతి దాకా, ఎన్నికల సభ నుంచి పోలీసు వార్షికోత్సవం దాకా అందరి నోటా నలుగుతోంది. వినడానికి బాగానే ఉంటుంది. అయితే దానికి సాక్ష్యం చెప్పే అర్హత నాయకుడికి లేదనీ, ఆయన కింద పనిచేసేవాళ్లకే ఉందనీ నా వాదన. వాళ్ల పనిగంటలు, వాళ్ల జీతం, ఎదురుచెప్పడానికి వాళ్లకున్న ధైర్యం చూస్తే ఆయన సేవకుడో కాదో తేలిపోతుంది.

ఈ కొలత కొత్తదేమీ కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసంతో ఈ ఆలోచన మేనేజ్‌మెంట్ చదువుల్లోకి వచ్చింది. ఆయన పెట్టిన పరీక్ష కఠినమైనది. సేవ అందుకున్నవాళ్లు మనుషులుగా ఎదిగారా, మరింత స్వతంత్రులయ్యారా, సమాజంలో అట్టడుగున ఉన్నవాళ్లకు మేలు జరిగిందా లేక ఉన్నది కూడా పోయిందా అని అడగమన్నాడు. మన దగ్గర ఆ సూత్రంలో బాస్ వినయంగా మాట్లాడాలన్న ముక్క మాత్రమే ప్రచారంలోకి వచ్చింది. అట్టడుగువాడి సంగతి చెప్పే రెండో ముక్క ఎక్కడో జారిపోయింది. అసలు బరువంతా అందులోనే ఉంది.

మన విశ్వాసాల్లోనూ ఈ రెండు ముక్కలూ కలిసే ఉన్నాయి. ధర్మరాజు రాజసూయంలో కృష్ణుడు అతిథుల కాళ్లు కడిగే పని తీసుకున్నాడని భాగవతం చెబుతుంది. యేసు చివరి రాత్రి శిష్యుల కాళ్లు కడిగాడని యోహాను సువార్త చెబుతుంది. ఆ ఘట్టాన్ని మన చర్చిల్లో ఏటా తలుచుకుంటారు. అదే సువార్తలో, అదే రాత్రి, ఆయన శిష్యులను దాసుల వరస నుంచి లేపి స్నేహితుల వరసలో కూర్చోబెట్టిన సంగతి మాత్రం అంతగా వినిపించదు. దాన్ని పట్టుకున్నవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళనాడు నుంచి 1909లో డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన మనిషి. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో నిలబడి ఆయన చెప్పింది సూటిగా ఉంది. మీ త్యాగాలకు మా సంఘం రుణపడి ఉంటుంది, కానీ మాకు స్నేహం కావాలి అన్నాడు. ప్రాణాలకు తెగించి సేవచేసిన తెల్లవాళ్లు కూడా పక్కనున్న భారతీయుడితో సమానంగా కూర్చోలేకపోయారన్నది ఆయన ఫిర్యాదు. సభలో కొందరికి అది ములుకులా గుచ్చుకుంది. సేవ నిజమైనదైనా, అందుకున్నవాణ్ని ఎప్పటికీ కిందే ఉంచితే దానికి లోటు ఉన్నట్టేనని ఒక తెలుగు నేల బిషప్ నూరేళ్ల కిందటే తేల్చాడు.

ఈ కొలతతో యూనిఫాం వైపు చూద్దాం. ఆర్డర్లీ వ్యవస్థ ఇంగ్లిషువాళ్లు వదిలిపోయిన అలవాటు. తుపాకీ పట్టడానికి శిక్షణ పొంది, పరీక్షలు రాసి, పరుగు పందేల్లో నెగ్గి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి అధికారి ఇంటి కుక్క గొలుసు పట్టుకుని నడవాల్సి వస్తుంది. కూరగాయల సంచి మోయాలి, పిల్లల్ని బడిలో దింపాలి, మొక్కలకు నీళ్లు పోయాలి. జీతం ఇచ్చేది ప్రజలు, పని చేయించుకునేది ఒక కుటుంబం. తమిళనాడులో 1979లోనే దీన్ని రద్దుచేస్తూ ఉత్తర్వు వచ్చింది. అయినా కొనసాగుతోందని 2022లో మద్రాసు హైకోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సైన్యంలో సహాయక్ పేరుతో ఉన్న పద్ధతిని ఎత్తేయమని 2008లోనే పార్లమెంటు రక్షణ స్థాయీసంఘం సిఫార్సు చేసింది. తెలంగాణలో 2024 అక్టోబరులో స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కారు. భర్తలు నెలల తరబడి క్యాంపుల్లోనే ఉండిపోవడం, పోలీసు పనికి బదులు గడ్డి కోయడం లాంటి చాకిరీ చేయించడం వాళ్ల ఫిర్యాదుల్లో ఉన్నాయి. ఆందోళనలో పాల్గొన్నందుకు 39 మందిని సస్పెండ్ చేశారు, పదిమందిని ఏకంగా ఉద్యోగం నుంచి తీసేశారు. క్రమశిక్షణ గల బలగంలో అలా రోడ్డెక్కడం సరైందేనా అన్న ప్రశ్నకు విలువ ఉంది. రోడ్డెక్కేదాకా ఆ మాట వినే దారి బలగం లోపల ఎందుకు లేదన్న ప్రశ్నకు అంతకంటే ఎక్కువ విలువ ఉంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. పోలీసు, సైన్యం ఆజ్ఞ మీద నడుస్తాయి, కాల్పుల మధ్య కమాండర్ అందరి అభిప్రాయమూ అడుగుతూ కూర్చోలేడు, కిందివాళ్లకు సేవచేస్తానంటే బలగం నిలవదు అంటారు. పైగా అధికారి సమయం విలువైనది, ఇంటి చాకిరీ నుంచి ఆయనకు వెసులుబాటు దొరికితే లాభం ప్రజలకేనంటారు. మొదటి మాట నిజం, కానీ అది ఆజ్ఞకు సంబంధించింది. వంటింటికి, పెరడుకు దానితో పనిలేదు. వాయుపురిలో స్థిరపడిన వైమానిక దళం అధికారులనే అడగవచ్చు. వైమానిక దళంలో, నౌకాదళంలో సహాయక్‌లు లేరు, అందువల్ల వాటి క్రమశిక్షణ సడలిందని ఎవరూ అనలేదు. రెండో మాటకొస్తే, అధికారికి ఇంటి సాయం అవసరమైతే దానికి భత్యం ఇచ్చి, పనిమనిషిని పనిమనిషిగానే, జీతమూ సెలవూ ఇచ్చి పెట్టుకోనివ్వాలి. కానిస్టేబుల్ సమయానికి కూడా విలువ ఉంది. స్టేషన్‌లో ఫిర్యాదు రాసేవాడు లేక గంటలకొద్దీ కూర్చున్న మనిషికి అది బాగా తెలుసు.

అధికారంలో ఉంటూనే ఈ పరీక్షకు నిలబడినవాళ్లు మనకు లేకపోలేదు. ఎస్.ఆర్. శంకరన్ పేరు నేటి కుర్రకారుకు తెలియకపోవచ్చు. తంజావూరు ప్రాంతం నుంచి వచ్చి, 1957లో ఐఏఎస్‌లో చేరి, ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన అధికారి ఆయన. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టాలు రావడం మామూలే, తెలంగాణ పల్లెలో దొర దగ్గర జీతం ఉన్న జీతగాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? శంకరన్ స్వయంగా చెప్పారు, తన కింది అధికారుల చేతా చెప్పించారు. తీసుకున్న అప్పు చట్టం ముందు చెల్లదని, ఇక పనికి వెళ్లనక్కర్లేదని తెలిసిన జీతగాళ్లు పొలాల్లోంచి బయటికొచ్చారు. భూస్వాములకు కంటగింపైంది, ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డికీ ఆ పద్ధతి నచ్చలేదు. శంకరన్ తన పద్ధతి మార్చుకోకుండా సెలవు మీద వెళ్లిపోయారు. ఆ తర్వాత త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిపించుకుని ప్రధాన కార్యదర్శిని చేశారు. శంకరన్ సొంత జీతంలోంచి దళిత పిల్లల చదువులకు ఇచ్చారు. పదవీ విరమణ తర్వాత బెజవాడ విల్సన్‌తో కలిసి పాకీపని నిర్మూలన ఉద్యమంలో నిలిచారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆయన నిరాడంబరతను అందరూ మెచ్చుకుంటారు. నాకు దానికంటే పెద్దదిగా కనిపించేది, ఆయన పని అయ్యాక పల్లెలో మారిన పరిస్థితి. ఆయన వెళ్లిపోయినా విడుదలైన జీతగాడు తిరిగి దొర గడప తొక్కనక్కర్లేదు.

శంకరన్ లాంటివాళ్లు నూటికో కోటికో ఒకరు, బ్రహ్మచారి, సంసార బాధ్యతలు లేవు, అందరినీ అలా ఉండమనడం అయ్యే పనేనా అని అడగవచ్చు. అయ్యే పని కాదు, అందుకే ఈ వ్యవహారాన్ని మంచితనానికి వదిలేయకూడదు. శంకరన్ చేతిలో ఉన్నది కూడా చట్టమే. నియమం లేని చోట సేవ అన్న మాట పేదవాడి మీదికే తిరుగుతుంది. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు ఇచ్చేదాన్ని ఇన్నేళ్లూ గౌరవ వేతనం అంటున్నాం. వాళ్లది సేవ కాబట్టి జీతం కాదన్నది ప్రభుత్వాల తర్కం. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అదే గ్రాట్యుటీ, వేతనాల పెంపు అడుగుతూ సమ్మెకు దిగితే జనవరిలో ఎస్మా ప్రయోగించారు. సేవకులమని చెప్పుకునే పాలకులు, నిజంగా సేవచేసే ఆడవాళ్ల మీద అత్యవసర సేవల చట్టం తెచ్చారు.

నలుగురి ముందు వంగి సేవచేయడంలో అర్థం లేదని నేను అనను. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకుడు రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద మోసుకుని జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి తీసుకెళ్లారు. నలుగురూ చూస్తుండగా చేసిన ఆ పనికి బలం ఉంది, ఇంకొందరు అర్చకులకు అది ధైర్యమిస్తుంది. అలాంటి రోజు తర్వాత వచ్చే మామూలు రోజుల లెక్కే నేను అడుగుతున్నది. కాళ్లు కడిగే కార్యక్రమం జరిగే చర్చిలో స్వీపరుకు పీఎఫ్ కడుతున్నారో లేదో కమిటీ చెప్పాలి. సైనిక్‌పురి కాలనీ సంఘాలు తమ వాచ్‌మన్లకు వారానికో సెలవు ఉందో లేదో చూసుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలూ అధికారుల ఇళ్ల దగ్గర ఎంతమంది కానిస్టేబుళ్లు, ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ పని మీద ఉన్నారో ఏటా ప్రకటించాలి. వాళ్లు ప్రకటించకపోతే అడగడానికి 2005 నుంచీ సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తుకు పది రూపాయలు.