ధారావాహికలు - కార్యకారణాలు

తెలుగువారు టెలివిజన్‌ను చూడకముందే ప్రియదర్శినిని చూశారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రంలో శశిరేఖ పెట్టె మూత తెరవగానే ఎక్కడో దూరాన ఉన్న అభిమన్యుడు అందులో ప్రత్యక్షమవుతాడు. తెరచినవారికి ఏది ప్రియమో దానినే చూపటం ఆ పెట్టె స్వభావం. ఆ తరువాత రెండేళ్లకు, 1959 సెప్టెంబరు 15న, ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టెలివిజన్ ప్రసారాలు ఆరంభమైనవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వెలసినది. 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు, ఇటీవలి కాలంలో అంతర్జాల వేదికలు వచ్చినవి. పెట్టె పలుచబడి పలక అయినది. పలక అరచేతిలోకి దిగినది. స్వభావం మాత్రం మారలేదు. ప్రియమైనదానిని చూపటంలో దోషమేమీ లేదు. వినోదం మనిషికి సహజమైన అక్కర. అయితే ప్రియంతోపాటు హితమూ ఉండవలెనని కోరటం మన సాహిత్యానికి కొత్త కాదు. ఆ కోరికతోనే నేటి ధారావాహికలను గురించి ఒక ప్రేక్షకుడుగా నాలుగు మాటలు చెప్పదలచాను.

టెలివిజన్ కథలను కుటుంబ కథలనీ, వైజ్ఞానిక కల్పనలనీ రెండు తెగలుగా విడదీయటం పరిపాటి. మొదటి తెగ సాయంకాలం దీపాలు పెట్టే వేళకు ప్రతి ఇంటా హాజరవుతుంది. రెండవది తెలుగులో అరుదు. వచ్చినా అది పిల్లల సరదా అనో, చదువుకున్న కుర్రవారి వేడుక అనో పెద్దలు పక్కకు తప్పుకుంటారు. ఈ విభజన పైచూపుకు సరిపోతుంది గాని, లోతుకు పోతే నిలువదు. రెంటికీ జీవం ఒక్కటే. అది కార్యకారణ సంబంధం. ఒకడు ఒక పని చేస్తే దాని ఫలితం వాని వెంట రావలె. ఆ ఫలితం కంటతడిగా వచ్చినా, కాలయంత్రం ఎక్కి వచ్చినా కథ కథే. రాని పక్షంలో ఎంత ఏడ్పించినా అది నాటకం అనిపించుకోదు; ఎన్ని యంత్రాలు తిప్పినా విజ్ఞానం అనిపించుకోదు.

మొదట కుటుంబ కథనే తీసుకుందాం. 2017 అక్టోబరులో స్టార్ మాలో ఆరంభమై 2023 జనవరి వరకు నడిచిన ‘కార్తీకదీపం’ మలయాళంలోని ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. అందులోని దీపను ఊరూరా ‘వంటలక్క’ అని సొంత మనిషిని పిలిచినట్లు పిలుచుకున్నారు. ఆ ఆదరణ ఊరికే రాలేదు. నల్లని మేనిఛాయ గల స్త్రీని నాయికగా నిలిపి, రంగును బట్టి ఆడపిల్లకు విలువకట్టే మన దుర్గుణాన్ని ఆ కథ ప్రతి రాత్రీ ఇంటిల్లిపాది ఎదుట పెట్టినది. అది మెచ్చదగిన పని. కాని కథానాయకుడు వైద్యుడు. తనకు సంతానయోగ్యత లేదని నమ్మి, భార్యను శంకించి, ఆమెకు దూరమైనవాడు. తండ్రి ఎవరో తేల్చగల డీఎన్‌ఏ పరీక్ష ఒకటి ఉన్నదని వైద్యుడికే తెలియదా అని చూసేవారే నవ్వుకుంటూ చాలాకాలం అడిగారు. వైద్యుని పాత్రకు వైద్యం తెలియకపోవటం చిన్న లోపం కాదు. కథకు పునాదిరాయి కదలటం వంటిది.

ఇందుకు రచయితల తెలివిని తప్పుపట్టి లాభం లేదు. రోజూ నడిచే ధారావాహిక ఆర్థిక సూత్రమే అట్టిది. పరీక్ష జరిగితే నిజం తేలుతుంది. నిజం తేలితే కథ ముగుస్తుంది. కథ ముగిస్తే ఆ వేళకు వచ్చే ప్రకటనల రాబడి అనుమానంలో పడుతుంది. వారం వారం వెలువడే రేటింగులను బట్టి ప్రకటనల ధర పలుకుతుంది గనుక, కారణం ఉగాదికి పుట్టినా ఫలితాన్ని సంక్రాంతికి వాయిదా వేయటం వ్యాపారధర్మమైనది. ఆ వాయిదాల కోసమే తలకు దెబ్బ తగిలి తనవారినందరినీ మరచిన పాత్రలూ, మరొక దెబ్బతో అంతా జ్ఞప్తికి తెచ్చుకునే పాత్రలూ, శస్త్రచికిత్సతో వేరొకరి ముఖం తగిలించుకుని వచ్చే పాత్రలూ పుట్టుకొస్తున్నవి. వాస్తవానికి తలకు గాయమైనవారు ఎక్కువగా మరచేది ఆ ప్రమాదానికి కాస్త ముందూ వెనుకా జరిగిన సంగతులను. కన్నతల్లినీ, సొంత పేరునూ మరచిపోవటం బహు అరుదు. రెండవ దెబ్బ మందు కాదు, మరొక గాయం. ఆలోచించి చూస్తే, వైజ్ఞానిక కల్పన తెలుగులో అరుదన్న మాట సరికాదేమో. విజ్ఞానం తీసివేసిన వైజ్ఞానిక కల్పన మన ఇళ్లలో నిత్యం నడుస్తూనే ఉన్నది.

భాగాల సంఖ్య ముందే నిర్ణయించుకున్న కథలకు ఈ చిక్కు లేదు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో ఆరు భాగాలుగా వచ్చిన ‘నైంటీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఇందుకు నిదర్శనం. ఆదిత్య హాసన్ దర్శకత్వంలో శివాజీ ధరించిన పాత్ర లెక్కల మాస్టారు చంద్రశేఖర్. అందులో విషం కలిపే అత్త లేదు, కుట్ర పన్నే ఆడపడుచు లేదు. ఉన్నవి ఒక జీతం, ముగ్గురు పిల్లలు, వారి మార్కులు. రాబడి కొలిచినట్లు ఉన్నది గనుక ఒక ఖర్చు మరొక కోరికను మింగుతుంది. మార్కుల మీద తండ్రికి గల పట్టుదల చదువులో వెనుకబడిన చిన్న కొడుకు మీద బరువై కూర్చుంటుంది. చిన్న సంగతులే, అయినా ప్రతిదానికీ ఒక పర్యవసానం ఉన్నది. గడచిన కాలాన్ని కాస్త తీపి చేసి చూపినదనీ, ఇల్లాలి చాకిరీ నవ్వుల వెనుక కొంత మరుగుపడినదనీ నా ఆక్షేపణ. ఆ లోపం ఉన్నా, ఉపాధ్యాయుల కుటుంబాలు దానిని తమ కథగా చూసుకోవటంలో వింత లేదు.

వైజ్ఞానిక కల్పనలో ఇటువంటి నిజాయితీ ‘కుడి ఎడమైతే’లో కనబడినది. 2021 జూలైలో ఆహాలో ఎనిమిది భాగాలుగా వచ్చిన దీనికి దర్శకుడు పవన్ కుమార్. పేరు 1953 నాటి ‘దేవదాసు’ చిత్రంలోని పాటను తలపిస్తుంది. ఒక పోలీసు అధికారిణి, ఇంటింటికీ భోజనం అందించే ఒక యువకుడు: ఇద్దరూ మరణించి, గడచిన అదే రోజులో తిరిగి మేల్కొంటారు. రోజు అదే, మనుషులు వారే; తాము చేసే పనిని మాత్రం మార్చుకోగలరు. ఇక్కడ ఒక చిన్న మార్పు చేస్తే అక్కడ మరేదో కదులుతుంది. ఒక్క అంశాన్ని మార్చి, తక్కినవాటిని స్థిరంగా ఉంచి, ఏమి జరుగునో చూడటం ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చే మొదటి పాఠం. ఆ పాఠాన్నే ఈ కథ నాటకంగా మలచినది. రోజు తిరిగిరావటానికి చెప్పిన శాస్త్రం పలుచనే. కాని ఒకసారి నియమం పెట్టుకున్న తరువాత దానికి కట్టుబడి నడవటం గొప్ప సంగతి.

2024 మే నెలలో ప్రైమ్ వీడియోలో వచ్చిన బొమ్మల ధారావాహిక ‘బుజ్జి అండ్ భైరవ’ తీరు వేరు. అది మరుసటి నెలలో విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రానికి ముందుమాట వంటిది. మాటలాడే వాహనాన్ని పిల్లలు ఇట్టే మెచ్చుకుంటారు. ఆ ఊహలో సాహసమూ, హాస్యమూ ఉన్నవి. అయినా క్రీస్తుశకం 2898 నాటి కాశికి మనలను తీసుకుపోయిన కథ, ఆ దుస్థితికి మనుషులు ఏ పనుల మెట్లు దిగి చేరుకున్నారో చూపటానికి కొద్ది చోటూ, వాహన విన్యాసాలకు పెద్ద చోటూ ఇచ్చినది. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’లో 2504వ సంవత్సరాన్ని చూపినప్పుడు మనుషులు భూగర్భంలో తలదాచుకుని ఉంటారు, అందుకు కారణం అణుయుద్ధం. చిత్రం చూసే పిల్లవానికి నాటి వార్తాపత్రికకూ ఆ పాతాళలోకానికీ గల దారి కనిపిస్తుంది.

కుటుంబ కథనూ, వైజ్ఞానిక కల్పననూ ఒకే గూటిలో పెట్టవచ్చునని 2017 నుండి 2020 వరకు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన జర్మన్ ధారావాహిక ‘డార్క్’ రుజువు చేసినది. విండెన్ అనే కల్పిత గ్రామసీమ, దాని పక్కన అణువిద్యుత్ కేంద్రం, నాలుగు కుటుంబాలు. తాతలు దాచిన రహస్యం మనుమల మెడకు చుట్టుకుంటుంది. పిల్లవాడు తప్పిపోయిన ఇంటి దుఃఖంతో ఆరంభమైన కథ చూడగా చూడగా కాలయానమవుతుంది. ఊరు ఎంత చిన్నదైనా, అక్కడి మట్టికీ మనిషికీ గల సంబంధం ఎరిగి వ్రాస్తే దేశదేశాలవారు చూశారు.

అట్టి ఊరు మన కృష్ణా డెల్టాలో లేదా? 1855 నాటికి పూర్తయిన ఆనకట్టా, దాని తరువాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ లేనిదే ఈ పచ్చదనం లేదు. అంటే ఈ సీమే మనుషులు తలపెట్టిన ఒక పనికి ఫలితం. 2024 సెప్టెంబరు మొదటి వారాన్ని విజయవాడ మరువలేదు. బుడమేరు సహజంగా కొల్లేరుకు పోయే ఏరు. దాని వరదను వెలగలేరు వద్ద మళ్లించి కృష్ణలో కలపటానికి కాలువ ఉన్నది. అది కలిసేది బ్యారేజీకి ఎగువన. కృష్ణ నిండుగా ఉన్న వేళ కాలువ నీరు నదిలోకి దిగదు. ఆ సంవత్సరం రెండూ ఒకేసారి పొంగినవి. బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినది. బుడమేరుకు గండ్లు పడినవి. సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో నిలిచినది. ఏటి దారిలో ఇళ్లు ఎందుకు లేచినవి, పేదవానికి అక్కడ తప్ప మరెక్కడ స్థలం దొరికినది కాదా, గట్లు ఏ ఏడాది ఎవరు చూడక విడిచినారు అన్న ప్రశ్నలలో నాటకానికి కావలసినంత సామగ్రి ఉన్నది. మన ధారావాహికలలో వాన నాయిక కన్నీటికి తోడు పలకటానికే కురుస్తున్నది.

ఒక కాలువ లస్కరు కుటుంబాన్ని ఊహించండి. తాత 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకుని లాకుల వద్ద కొలువు చేసినవాడు. కొడుకు వరి మాని రొయ్యల చెరువు తవ్వినవాడు. ఆ చెరువు ఉప్పు పక్క రైతు మడిలోకి ఊరినది. మనుమరాలు 2060లో, సముద్రం మరికొంత ముందుకు జరిగిన నాడు, తాగునీటి కోసం ఏ బావి తోడవలెనో లెక్కలు వేస్తుంది. ఇందులో పగ ఉన్నది, ప్రేమ ఉన్నది, ఆస్తి తగాదా ఉన్నది. విజ్ఞానం వాటిని విడిచి ఎక్కడికీ పోలేదు.

ఇందుకు పెట్టుబడి చాలదని నిర్మాతలు అనవచ్చు. 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ రేడియో కేంద్రం ధ్వని ఒక్కటే పెట్టుబడిగా నాటకాలను ఇంటింటా నిలిపినది. ‘కుడి ఎడమైతే’కు అంతరిక్ష నౌక అవసరపడలేదు. పగలంతా చాకిరీ చేసి అలసిన ఇల్లాలికి పాఠాలు ఎందుకని మరికొందరు అడుగుతారు. ఆమె కోరే విశ్రాంతిని ఎవరూ కాదనలేరు. కాని నెలసరుకులు, బియ్యం ధర, పిల్లల ఫీజులు ఒకదానితో ఒకటి పొసగేటట్లు నడపే ఇల్లాలికి కార్యకారణాలు ఎవరో నేర్పనక్కరలేదు. ఆమె తెలివికి తగిన కథ ఇవ్వకపోవటమే మనం చేస్తున్న అగౌరవం.

నిర్మాతలు మారేదాకా ఉపాధ్యాయులు వేచి ఉండనక్కరలేదు. పిల్లలు రాత్రి చూసిన కథనే మరునాడు తరగతిలో చర్చకు పెట్టవచ్చు. ఆ వైద్యుడు మొదటి వారమే పరీక్ష చేయించి ఉంటే ఎవరి జీవితం ఎట్లా మారేది? తలకు తగిలిన దెబ్బ గురించి జీవశాస్త్ర పుస్తకం ఏమంటున్నది? అట్లాగే ‘2077లో మన ఊరి కాలువ’ అనే శీర్షిక ఇచ్చి ఒక కథ వ్రాయమనవచ్చు. ఉప్పెన వచ్చి నూరేళ్లు నిండే సంవత్సరమది. నేడు ఎనిమిదవ తరగతిలో ఉన్న పిల్లలు అప్పటికి తాతలు, అవ్వలు అయి ఉంటారు. షరతు ఒక్కటే: కథలో కనిపించే ప్రతి మార్పుకూ ఈనాడు మన ఊరిలో జరుగుతున్న ఒక పనిని కారణంగా చూపవలె. ఆ వ్రాతలలో కొన్నింటినైనా పాఠశాల వార్షికోత్సవంలో నాటికలుగా ఆడిస్తే, చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు ఇంటికి పోయి టెలివిజన్‌ను కొంచెం వేరే కన్నుతో చూస్తారని నా నమ్మకం. ఉపాధ్యాయ సోదరీసోదరులు ఆలోచింతురు గాక.