రాళ్ళకు రక్షణ, మనుషులకు వలస

ఈజిప్టులో 1952లో రాజరికాన్ని కూలదోసిన యువ సైనికాధికారులు ఏ భూస్వామికీ 200 ఫెద్దాన్లకు, అంటే సుమారు 200 ఎకరాలకు, మించి పొలం ఉండరాదన్నారు. సాహసోపేతమైన సంస్కరణే. తరువాత నైలు నదిపై అస్వాన్ వద్ద కట్టిన మహా ఆనకట్ట రైతుకు నీరిచ్చింది, పరిశ్రమకు విద్యుత్తునిచ్చింది. దానిని కట్టడమే తప్పని మనం అనడం లేదు. దాని మూల్యం ఎవరు చెల్లించారన్నదే మన ప్రశ్న.

మునిగిపోనున్న నూబియా ఆలయాలను కాపాడండని 1960లో యునెస్కో పిలుపునిచ్చింది. దేశదేశాలు ధనమిచ్చాయి. 1964-68 మధ్య అబూ సింబెల్ ఆలయాలను ముక్కలుగా కోసి, 65 మీటర్ల ఎత్తున మళ్ళీ నిలబెట్టారు. మంచి పనే! కాని అదే నీట మునిగిన నూబియన్ల పల్లెలూ, ఖర్జూరపు తోటలూ, తాతల సమాధులూ ఎవరి వారసత్వం? 1963-64లో సుమారు 50,000 మందిని నదికి దూరంగా కోమ్ ఓంబో ప్రాంతానికి తరలించారు. పదేళ్ళలో వారిని సొంత సీమకు చేరుస్తామని 2014 రాజ్యాంగం మాట ఇచ్చింది. గడువు తీరింది, మాట మిగిలింది.

రాజు చెక్కించిన శిల సంస్కృతి అట. పేదవాని ఊరూ, భాషా, నదీ కావట! నాగార్జునకొండ కట్టడాలను నీటిమీదికి ఎత్తి భద్రపరచుకున్న మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ఇకనైనా ప్రతి పథకపు లెక్కలోనూ మొదటి పద్దు నిర్వాసితుని పేర రాయాలి.