కేస్‌మెంట్‌ను మర్లో తీరానికి చేర్చండి

రోజర్ కేస్‌మెంట్ పేరెత్తగానే డైరీల గురించి గుసగుసలాడే పెద్దమనుషుల్ని చూస్తే ఒళ్లు మండుతుంది. వాళ్లు ముందు 1904 నాటి కాంగో నివేదిక చదవాలి.

డబ్లిన్ శివారు శాండీకోవ్‌లో 1864లో పుట్టిన ఆయన, బ్రిటిష్ కాన్సుల్‌గా లొరెన్సో మార్క్వెస్, లువాండా, బోమాలలో పనిచేశాడు. 1903లో కాంగో నది వెంట ఎగువకు వెళ్లాడు. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిలా ఏలుతున్న నేల అది. రబ్బరు తక్కువైన ఊళ్లలో ఆడవాళ్లను బందీలుగా పట్టుకెళ్లేవారు. ఖర్చయిన తూటాలకు లెక్కగా సిపాయిలు నరికిన చేతులు తెచ్చి చూపేవారు. ఆయన బాధితుల వాంగ్మూలాలు పేర్లతో సహా రాసి పంపితే, లండన్ విదేశాంగ శాఖ పేర్లు కొట్టేసి అచ్చువేసింది. ఆయన మండిపడ్డాడు. మండిపడకేం? పేరులేని సాక్ష్యాన్ని కట్టుకథ అని కొట్టిపారేయడం లియోపోల్డ్ మనుషులకు ఎంత తేలిక!

పరాయి రాజు పాపం బయటపెట్టినంత కాలం లండన్‌కు ఆయన మంచివాడే. దక్షిణ అమెరికాలో పుటుమాయో రబ్బరు దారుణాలు బయటపెట్టినందుకు 1911లో సర్ బిరుదూ ఇచ్చింది. అవే కళ్లతో ఐర్లండ్‌ను చూశాక ద్రోహి అయ్యాడు.

1914 ఏప్రిల్‌లో ఐర్లండ్ స్వపరిపాలనను వ్యతిరేకించే అల్‌స్టర్ యూనియనిస్టులు జర్మనీ నుంచి వేల తుపాకులు లార్న్ రేవులో దించారు. ఒక్కరి మీదా విచారణ లేదు. రెండేళ్లకు, ఐర్లండ్ తిరుగుబాటుకు జర్మనీ సాయం కోరి, జర్మన్ జలాంతర్గామిలో వచ్చి కెర్రీ తీరంలో దిగిన కేస్‌మెంట్‌కు మాత్రం 1351 నాటి రాజద్రోహ చట్టంతో ఉరి! ఆయనకు వ్యతిరేకంగా వాదించిన అటార్నీ జనరల్ ఎఫ్.ఇ. స్మిత్ ఎవరు? ఆ అల్‌స్టర్ సాయుధులకు కొమ్ముకాసినవాడే.

అది యుద్ధకాలం కదా అంటారు. సరే, శత్రువు సాయం కోరడం చట్టం దృష్టిలో నేరమే. మరి క్షమాభిక్ష అడిగే గొంతులు నొక్కడానికి, మగవాళ్లతో ఆయన సంబంధాలు రాసి ఉన్న డైరీ పుటల్ని చాటుగా తిప్పడం ఏ చట్టంలో ఉంది? అమెరికా రాయబారి పేజ్‌కు కూడా చూపించారు. కోనన్ డాయిల్, బెర్నార్డ్ షా మొర వృథా అయింది. 1916 ఆగస్టు 3న పెంటన్‌విల్ జైల్లో ఉరితీశారు. ఎనిమిదేళ్లకు మన కొయ్యూరులో అల్లూరిని విచారణైనా లేకుండా కాల్చి చంపింది ఈ సామ్రాజ్యమే.

ఇప్పటి ఉత్తర ఐర్లండ్‌లోని ఆంట్రిం జిల్లా మర్లో తీరంలో పూడ్చమన్నది కేస్‌మెంట్ కోరిక. 1965లో అవశేషాలను అప్పగిస్తూ, ఉత్తర ఐర్లండ్‌కు తీసుకెళ్లకూడదని లండన్ షరతు పెట్టింది. డబ్లిన్ తలొగ్గి గ్లాస్‌నెవిన్‌లో పూడ్చింది. ఆ షరతును లండన్ ఇప్పుడైనా రద్దు చేయాలి. అది అడిగి సాధించాల్సిన బాధ్యత డబ్లిన్‌ది.